బెండిక్సు: బట్టలుతికిన ఒక యంత్రము కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో పది నిమిషాలు మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంచెం జంకినాను. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. నాకు వచ్చిన పద్యాలు నాలుగైతే మీకు వచ్చినవి నాలుగు వందలు. అందుచేత సాహిత్యం జోలికి పోకుండా, ప్రతి ఇంటికీ సంబంధించిన ఒక సంగతి ఎంచుకున్నాను. అదే బట్టల ఉతుకుడు. ఉగాదికి పది రోజుల ముందునుంచీ మన ఇళ్లలో జరిగేది కవి సమ్మేళనం కాదు గదా! పరుపుల గలేబులు, దుప్పట్లు, తెరలు ఉతికి ఆరవేయడమే. ఆ పని చేసిన చేతులన్నీ ఇవాళ ఈ సభలో కూర్చుని ఉన్నవి. ఆ చేతులకు సంబంధించిన ముచ్చట గనుక వింటారని ధైర్యం చేసినాను.

ఉతుకుడు చరిత్రలో బెండిక్సు అనే పేరుగల ఒక యంత్రమున్నది. అమెరికాలో పుట్టినది. తానే నీళ్లు పట్టుకొని, తానే ఉతికి, తానే జాడించి, తానే పిండిపెట్టిన ఇంటి యంత్రాలలో అది మొదటిదని చెబుతారు. ఒక తరంపాటు దాని పేరు అక్కడ మారుమోగినది. ఆ తరువాత ఆ కంపెనీ చేతులు మారి, పేరు చెరిగిపోయి, యంత్రాలు పాత ఇనుములో కలిసిపోయినవి. ఇప్పుడవి పాత వస్తువులు కూడబెట్టే వారి కొట్లలో తప్ప కనబడవు. ఆ యంత్రం మనకిచ్చిన మాట ఏమిటి, దానిలో నిలబెట్టుకొన్నదెంత, నిలబెట్టుకోలేనిదెంత అన్నదే నేను చెప్పదలచిన విషయం.

ముందు మన సంగతి చెప్పుకుందాం. తెలంగాణలో మా పెద్దల ఊళ్లో ఇంటి బట్టలు ఇంట్లో ఉతికేవారు కారని మా నాయనమ్మ చెప్పేది. రజకులు ఇంటింటికీ వచ్చి మూటలు గట్టుకొని వాగుకు పోయేవారు. చవుడు మన్ను పట్టించి, బానలో ఉడికించి, బండమీద బాది, ఇసుకమీద ఆరవేసి, మడతలు పెట్టి తెచ్చేవారు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి మూలన నల్లజీడి రసంతో చిన్న గుర్తు వేసేవారు. ఆ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. కూలి పంటలమీద గింజల రూపంలో ముట్టేది. ఆ ఏర్పాటులో కులం పేరిట జరిగిన అన్యాయం ఉన్నది. దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. ఉతుకుడు ఒక పెద్ద పని అనీ, దానికి వేరే మనుషులు, వేరే చోటు, ఒక పూర్తి దినం కావాలనీ అందరికీ తెలిసి ఉండేదని మాత్రం చెబుతున్నాను.

మగ్గాలను నమ్ముకొని మనవాళ్లు షోలాపూరు వచ్చినారు. మగ్గం వచ్చినది గాని వాగు వెంట రాలేదు. వాడల్లో పది కుటుంబాలకు ఒక నల్లా, నల్లా ప్రక్కన ఒక బండ. ఒకప్పుడు ఊరవతల జరిగిన పని ఇల్లాలి నెత్తిమీద పడినది. పైగా మన ఊరి దుప్పటి సంగతి మీకు చెప్పనక్కరలేదు. పొడిగా ఉన్నప్పుడే బరువు. తడిసిన తరువాత దాన్ని ఒక్కరు పిండలేరు. చెరొక కొస పట్టుకొని ఎదురెదురుగా మెలిపెట్టాలి. మా ఇంట్లో ఒక కొస మా అమ్మ పట్టుకొంటే రెండో కొస నేను పట్టుకొనేవాణ్ణి. నాకది ఆట. ఆమెకు మాత్రం ఆ సాయంత్రానికి వ్రేళ్ల సందులు ఒరిసి, కారం కలుపుతుంటే మంట పుట్టేది. ఇక్కడ కూర్చున్న తల్లులలో ఆ మంట తెలియనివారు తక్కువ.

బెండిక్సు పేరు నేను మొదట చూచినది పాత కాగితాల దుకాణంలో. పాత యంత్రాల బొమ్మలంటే నాకు చిన్నప్పటినుంచీ మోజు. తూకానికి కొన్న పాత ఇంగ్లీషు పత్రికలలో 1940ల నాటి ఒక ప్రకటన ఉన్నది. తెల్లని ఇనుప పెట్టె, దాని ముఖాన ఓడ కిటికీ వంటి గుండ్రని అద్దపు తలుపు, లోపల నురుగులో దొర్లుతున్న బట్టలు. ఇవాళ మన బజారులో అమ్మే ముందు తలుపు యంత్రానికీ దానికీ రూపంలో పెద్ద తేడా కనిపించలేదు. ఎనభై ఏళ్ల క్రిందటి వస్తువు ఇంత కొత్తగా ఉన్నదేమిటని ఆశ్చర్యపడి, అప్పటినుంచి దాని కథ సెలవు దినాలలో చదువుతూ వచ్చినాను.

అంతకుముందు యంత్రాలు లేకపోలేదు. చికాగోలోని హర్లీ కంపెనీవారు గత శతాబ్దం మొదటి దశకంలోనే థార్ అనే పేరుతో కరెంటు యంత్రం అమ్మినారు. దాని విషయమై ఆల్వా ఫిషర్ అనే ఇంజనీరుకు 1910లో పేటెంటు లభించినది. 1922లో మేటాగ్ కంపెనీవారు తొట్టి అడుగున కవ్వం వంటి రెక్కలు బిగించి, బట్టలను కదపకుండా నీళ్లనే బట్టలగుండా తోసే పద్ధతి తెచ్చినారు. అది గొప్ప అభివృద్ధే. కాని ఆ యంత్రాలన్నిటికీ మనిషి ప్రక్కన నిలబడి ఉండాలి. నీళ్లు తానే పోయాలి. మురికి నీళ్లు తానే వదలాలి. జాడింపుకు మళ్లీ నింపాలి. చివరకు ఒక్కొక్క బట్టనూ రెండు రబ్బరు రోలర్ల నడుమ పెట్టి పిండాలి. చెరకు రసం తీసే యంత్రం మీరు చూచినారు గదా, అటువంటిదే. దానిలో వ్రేళ్లు, జుట్టు, ఒక్కొక్కప్పుడు మోచేతివరకూ చేయి ఇరుక్కొని గాయపడిన ఆడవారు, పిల్లలు అనేకులు. పల్లెల్లో ఆ యంత్రం కూడా లేదు. 1930ల నడుమ అమెరికా రైతు ఇళ్లలో సుమారు పదింట ఒక ఇంటికే కరెంటు ఉండేది. అమెరికా అనగానే మనకు తోచే సుఖాలన్నీ అక్కడా నిన్న మొన్న వచ్చినవే.

ఇక బెండిక్సు. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊరున్నది. అక్కడ 1936లో ఒక చిన్న కంపెనీ స్వయంగా పనిచేసే ఉతుకుడు యంత్రం తయారు చేయడానికి ఏర్పడినది. కొత్త కంపెనీ, కొత్త సరుకు, ఎవరు నమ్ముతారు? అదే ఊళ్లో విమానాల సామాగ్రి, మోటారు బ్రేకులు చేసే బెండిక్సు ఏవియేషన్ అనే పెద్ద సంస్థ ఉండేది. దాని స్థాపకుడు విన్సెంట్ బెండిక్సు. మోటారు కారును చేతితో త్రిప్పకుండా మరతో స్టార్టు చేసే పరికరంవల్ల ఆయనకు గొప్ప పేరు వచ్చినది. ఈ చిన్న కంపెనీవారు తమ వాటాలలో నాలుగో వంతు ఆ పెద్ద సంస్థకిచ్చి, బదులుగా బెండిక్సు అనే పేరు వాడుకొనే హక్కు పుచ్చుకొన్నారు. అంటే ఉతుకుడు యంత్రాన్ని కనిపెట్టినది బెండిక్సు దొర కాదు. పేరు మాత్రం ఆయనది. పెండ్లికి నగ అరువు తెచ్చుకొన్నట్టు పేరు అరువు తెచ్చుకొన్నారు. 1937లో యంత్రం బజారుకు వచ్చినది.

దాని పని తీరు తేలికగా చెబుతాను. పెట్టె లోపల అడ్డంగా పరుండబెట్టిన పీపా వంటి డ్రమ్ము ఉంటుంది. దాని గోడకు చిల్లులు, లోపలి వైపు గట్లు ఉంటవి. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే ఆ గట్లు బట్టలను పైకి ఎత్తి, పైనుంచి మళ్లీ నీళ్లలోకి పడవేస్తవి. ఎత్తడం, పడవేయడం, ఎత్తడం, పడవేయడం. రేవులో బండమీద జరిగేది కూడా ఇదే గదా! డ్రమ్ము అడుగుభాగం మాత్రం నిండితే చాలు గనుక నీళ్లు తక్కువ పడతవి. ఉతుకుడు అయిన తరువాత అదే డ్రమ్ము గిర్రున తిరిగి, చిల్లులగుండా నీటిని విసిరివేసి బట్టలను పిండుతుంది. రోలర్లు లేవు, వ్రేళ్లకు అపాయం లేదు. ఈ పనులన్నీ ఎప్పుడేది జరగాలో ఒక గడియారపు మర చూచుకొంటుంది. ఇల్లాలు బట్టలు వేసి, సబ్బు పోసి, మీట త్రిప్పి వెళ్లిపోవచ్చును. నీళ్లలో చేయి పెట్టనవసరం లేదు. ఇదే ఆ యంత్రం ఇచ్చిన మాట.

అయితే దానికి రెండు మూడు చిక్కులుండేవి. మొదటిది అదురు. ఇవాళ్టి యంత్రాలలో డ్రమ్మును స్ప్రింగులమీద వ్రేలాడగట్టి, అదురును మ్రింగే కడ్డీలు అమర్చుతారు. మొదటి బెండిక్సులో ఆ ఏర్పాటు లేదు. తడి బట్టలన్నీ ఒక ప్రక్కకు చేరినప్పుడు యంత్రమంతా ఊగిపోయేది. ఊరుకొంటే గదిలో నడక సాగించేది. అందుచేత దాన్ని బోల్టులతో నేలకు బిగించవలసి వచ్చేది. గచ్చు నేల ఉన్నవారికి సరే. అమెరికాలో చాలా ఇళ్లకు చెక్క నేలలు. అద్దె ఇంట్లో ఉన్నవారికి మరీ ఇబ్బంది. మూడేళ్లకొకసారి బదిలీ అయ్యే మా రైల్వేవాళ్లు ఆ యంత్రం కొంటే ఏమయ్యేదో ఆలోచించండి. యంత్రాన్ని వదిలి పోవాలి, లేకపోతే క్వార్టరు నేలను వెంట తీసుకొని పోవాలి!

రెండవది ధర. ఉతకడానికి మెల్లని వేగం, పిండడానికి హెచ్చు వేగం కావాలి. దానికోసం మోటారు కారులో ఉండే గేరు పెట్టెకు తమ్ముడి వంటి రెండు వేగాల గేరు పెట్టె అమర్చినారు. గట్టిదే గాని ఖరీదైనది. గడియారపు మర కూడా చౌక కాదు.

మూడవది సబ్బు. బట్టలు పైనుంచి పడుతూ ఉంటే మామూలు సబ్బు కుప్పలుగా నురుగు లేస్తుంది. నురుగు ఎక్కువైతే బట్ట మెత్తమీద పడ్డట్టు పడుతుంది, మురికి వదలదు. అందుకని 1940ల చివర ఇటువంటి యంత్రాలకోసం నురుగు తక్కువ వచ్చే పొడులు ప్రత్యేకంగా పుట్టినవి. మన దేశంలో 1959లో సర్ఫ్ వచ్చినది, 1969లో నిర్మా వచ్చినది. మన తల్లులు నురుగు చూచి పొడి మంచిదో కాదో తేల్చడం నేర్చుకొన్నారు. బకెట్టు ఉతుకుడుకు ఆ లెక్క కొంత పనికి వస్తుందేమో గాని ముందు తలుపు యంత్రానికి పనికి రాదు. ఇవాళ దుకాణంలో ముందు తలుపు యంత్రానికి ఒక పొట్లం, పై మూత యంత్రానికి ఒక పొట్లం వేరుగా అమ్మడం కంపెనీవారి మాయ అని కొందరంటారు. పూర్తిగా మాయ కాదు. దానికి ఈ పాత కథే కారణం.

చిక్కులున్నా యంత్రం పేరు తెచ్చుకొన్నది. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినది. 1942లో అమెరికా ప్రభుత్వం ఇంటి యంత్రాల తయారీ ఆపించి ఫ్యాక్టరీలను యుద్ధ సామాగ్రికి మళ్లించినది. యుద్ధం ముగిసే నాటికి యంత్రం కొనాలని ఎదురు చూచే కుటుంబాలు కోకొల్లలు. బెండిక్సుకు అది మంచి కాలం కావలసినది. కాని 1947లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పైనుంచి మూత తీసే స్వయంచాలక యంత్రం తెచ్చినది. ఆ కాలంలోనే వర్ల్‌పూల్ కూడా రంగంలోకి దిగినది. వాటికి బోల్టులు అక్కరలేదు. నడుము వంచనవసరం లేదు. మరచిపోయిన మేజోడు మధ్యలో మూత తీసి పడవేయవచ్చును. ముందు తలుపు యంత్రంలో అది కుదరదు, తలుపు తీస్తే నీళ్లన్నీ కాళ్లమీదికి వస్తవి. అమెరికా ఇల్లాండ్రు పై మూత వైపు మొగ్గినారు.

బెండిక్సువారు ఊరకే కూర్చోలేదు. తొట్టె లోపలి గాలి పీల్చివేసి, తొట్టే రబ్బరులాగా ముడుచుకొని బట్టలను పిండే ఎకనమాట్ అనే రకం తెచ్చినారు. 1953లో ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే పెట్టెలో చేసే డ్యువోమాటిక్ తెచ్చినారు. తెలివికి లోటు లేదు. కాని కంపెనీ అప్పటికే చేతులు మారుతున్నది. 1950లో ఆవ్‌కో అనే సంస్థ దాన్ని కొన్నది. 1956లో ఆవ్‌కోనుంచి రేడియోల ఫిల్కో కొన్నది. 1961లో ఆ ఫిల్కోనే ఫోర్డు మోటారు కంపెనీ కొన్నది. మూడిళ్లు మారిన పిల్లకు ఇంటిపేరు ఏది నిలుస్తుంది? ఫిల్కో పేరు ప్రక్కన కొంతకాలం తోకగా ఉండి, బెండిక్సు పేరు ఉతుకుడు యంత్రాలమీదినుంచి జారిపోయినది. ఇంగ్లండులో ట్రిసిటీ అనే మరొక పేరుతో జతగా చాలాకాలం నడిచి, అక్కడా ఆగిపోయినది. వింత ఏమిటంటే, పేరు అరువిచ్చిన బెండిక్సు బ్రేకులు మాత్రం బ్రతికి ఉన్నవి. లారీలకు, బస్సులకు గాలి బ్రేకులు చేసే బెండిక్సు ఇప్పుడు క్నోర్ బ్రెమ్జె అనే జర్మను సంస్థ క్రింద ఉన్నది. రైలు బ్రేకుల విషయంలో ఆ పేరు మా రైల్వేవాళ్లకు చిరపరిచితం.

పేరు పోయినది గాని పద్ధతి పోలేదు. ఐరోపా దేశాలు ముందు తలుపు పద్ధతిని విడువలేదు. 1990ల చివరినుంచి, నీళ్ల ఖర్చు, కరెంటు ఖర్చు లెక్క చూచుకొని, అమెరికా కూడా దానివైపు మళ్లీ తిరిగి చూచినది. ఇవాళ మన ఆసుపత్రులలో, హోటళ్లలో, రైలు ఏసీ పెట్టెల దుప్పట్లు ఉతికే యాంత్రిక ధోబీఖానాలలో తిరిగే పెద్ద యంత్రాలు కూడా ఆ అడ్డ డ్రమ్ము వంశంలోనివే.

మన ఇళ్లలో మాత్రం రెండు తొట్ల యంత్రం ఎక్కువగా నిలిచినది. ఒక తొట్టిలో ఉతికి, చేతితో తీసి రెండో తొట్టిలో పిండేది. పూర్తి స్వయంచాలక యంత్రం కంటె చౌక గనుక కొన్నామని అనుకొంటాం. అదొక్కటే కారణం కాదు. బెండిక్సు వంటి యంత్రం, నల్లా త్రిప్పితే ఎల్లప్పుడూ నీళ్లు వచ్చే ఇంటిని ఊహించుకొని చేసినది. మన ఊళ్లో నల్లా ప్రతిరోజూ రాదు. వచ్చిన నాడు డ్రమ్ములు నింపుకొని, రాని నాడు బకెట్టుతో పోసుకొని ఉతుక్కోవాలి. రెండు తొట్ల యంత్రం బకెట్టు నీళ్లకు అభ్యంతరం చెప్పదు. ఒక తొట్టి సబ్బు నీళ్లలో ముందు తెల్లబట్టలు, తరువాత రంగు బట్టలు, చివర కాలి పట్టాలు ఉతకవచ్చును. మన ఇల్లాండ్రు ఆ యంత్రాన్ని ఎంచుకొన్నది వెనుకబడి కాదు, లెక్క తెలిసి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇల్లాలు మీట త్రిప్పి వెళ్లిపోవచ్చునన్నది గదా ఆ యంత్రమిచ్చిన మాట. వెళ్లిపోయినదా?

అమెరికాలో రూత్ ష్వార్ట్స్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఇంటి యంత్రాల చరిత్రమీద ఒక పుస్తకం వ్రాసినారు. అమ్మకు మరింత పని అని దాని పేరుకు అర్థం. ఆమె చూపిన సంగతి ఇది. యంత్రం రాకముందు అక్కడ సామాన్య కుటుంబాలు కూడా వీలైనంతలో ఉతుకుడుకు కూలిమనిషిని పెట్టుకొనేవి, లేదా లాండ్రీకి వేసేవి. యంత్రం ఇంట్లోకి వచ్చిన తరువాత కూలిమనిషి పోయినది, లాండ్రీ బండి పోయినది. ఆ పని మొత్తం తిరిగి ఇల్లాలి దగ్గరకే చేరినది. పైగా, ఉతకడం సులువైనది గనుక రెండు రోజులు తొడిగే చొక్కా ఒక రోజుకు వచ్చినది. వారానికొకసారి మార్చే దుప్పటి రెండుసార్లు మార్చినారు. ఒక్కొక్క బట్ట ఉతికే శ్రమ తగ్గినది, ఉతికే బట్టలు పెరిగినవి. జోఆన్ వానెక్ అనే మరొకామె 1974లో లెక్కలు కట్టి చూపినారు. ఉద్యోగానికి పోని అమెరికా గృహిణులు 1920లలో ఇంటిపనికి వారానికి సుమారు 52 గంటలు వెచ్చించేవారు. ఇన్ని యంత్రాలు వచ్చిన తరువాత 1960లలో అది సుమారు 55 గంటలు. తగ్గలేదు సరిగదా, కొంచెం పెరిగినది!

మన దేశం సంగతి? 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు కాలవినియోగంమీద సర్వే చేసినారు. ఇంటిపని చేసే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలినది. ఇంటిపనిలో చేయి పెట్టే మగవారి లెక్క మాత్రమే అది. అసలు పెట్టనివారు అందులో చేరలేదు. నేనెవరినీ ఎత్తి చూపడం లేదు. ఈ అంకెలు విని మనలో ప్రతి ఒక్కరూ తమ ఇల్లు తాము తలచుకొంటే చాలును.

యంత్రం చేతులను నీళ్లలోనుంచి తీసినది, నిజం. అది చిన్న మేలు కాదు. దుప్పటి మెలిపెట్టిన మా అమ్మ భుజానికి ఆ మేలు ఎంతటిదో నాకు తెలుసు. కాని ఏ బట్ట మాసినది, ఏది రంగు పోతుంది, ఎవరి జేబులో కాగితమున్నది, నల్లా ఎప్పుడొస్తుంది, వాన వచ్చేలోపల డాబామీది బట్టలు ఎవరు తీయాలి అనే ఆలోచన మాత్రం ఇల్లాలి తలలోనే ఉండిపోయినది. దాన్ని తీసే మరను ఏ కంపెనీ చేయలేదు, చేయలేదు కూడా. అది ఇంటివాళ్లు పంచుకొంటే తప్ప తగ్గదు.

ఇక్కడ రజక సోదరుల సంగతి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. యంత్రం ఇల్లాలికి మేలు చేసినంతగా వారికి చేయలేదు. ఉతుకుడు పోయినది, ఇస్త్రీ మిగిలినది. వీధి చివర బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో నిలబడినవాని దగ్గర మనం అర్ధరూపాయికి బేరమాడుతాం. ఉతుకుడు యంత్రానికి వేలు పోసి బేరమాడకుండా వచ్చినవాళ్లం! ఆ బండివద్ద మనం కొంచెం మర్యాదగా మాట్లాడితే మన పెద్దల బాకీ కొంతైనా తీరుతుంది.

చివరగా పాత యంత్రాల ఆయువు గురించి ఒక మాట. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఈటన్ అనే చోట లీ మాక్స్‌వెల్ అనే ఆయన వెయ్యికి పైగా పాత ఉతుకుడు యంత్రాలు సేకరించి, బాగుచేసి, ప్రదర్శనశాలగా పెట్టినారు. మనకు ప్రదర్శనశాలలు లేవు గాని మెకానిక్కులున్నారు. మా ఇంటి రెండు తొట్ల యంత్రం వయస్సు ఇరవై దాటినది. దాన్ని చేసిన కంపెనీ ఆ రకం ఎప్పుడో మానివేసినది. అయినా మా వీధి మెకానిక్కు మరొక యంత్రపు బెల్టు అతికించి, పాత టైమరు విప్పి తుడిచి, దాన్ని ఇంకా నడిపిస్తున్నాడు. మా ఇంట్లో ఆ యంత్రాన్ని కంపెనీ పేరుతో ఎవరూ పిలవరు, ఆ మెకానిక్కు పేరుతోనే పిలుస్తారు. పేరు కంపెనీది, ప్రాణం బాగుచేసే చేతిది. బాగుచేయించుకొనే హక్కు వినియోగదారునికి ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఒక సంఘాన్ని నియమించి, ఆ డిసెంబరులో దానికోసం ఇంటర్నెట్టులో ఒక వేదిక తెరిచినది. కొత్త యంత్రం కొనేటప్పుడు రంగు, మీటలు చూచే ముందు విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతవని అడగండి. బెండిక్సు అంతటి పేరే పోయినప్పుడు, పేరును నమ్మి కొనడం తెలివైన పని కాదు.

సోదరులారా, ఉపదేశం చేసే వయస్సు నాకింకా రాలేదు. ఒక విన్నపం మాత్రం చేస్తాను. రైలుకు సిగ్నలు చదవగలిగిన చేతులం, మగ్గంమీద వేల పోగులు సరిచేయగలిగిన చేతులం, ఇంట్లో ఆ యంత్రపు మీటమీది నాలుగు గుర్తులు చదువుకోలేమా? తడి దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఇవాళ బలం అక్కరలేదు. అది ఎప్పుడు ఉతకాలో, ఎక్కడ ఆరవేయాలో, ఎప్పుడు తీయాలో గుర్తు పెట్టుకొంటే చాలును. ఆ కొంచెం మనం చేసిననాడు 1937లో ఒక యంత్రమిచ్చిన మాటలో మిగిలిన సగం మన ఇళ్లలో నెరవేరుతుంది.

 కొత్త సంవత్సరంలో మీ ఇళ్లలో నల్లా నిండుగా రావాలనీ, ఉతికిన బట్ట ఆరేవరకూ ఎండ కాయాలనీ, ఆరవేసే చేతులు నాలుగు కావాలనీ కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను. నమస్కారం.